ఎర్ర పావడాలు ఊపితే రైలు ఆగుతుందా? – ‘ది రైల్వే చిల్డ్రన్’ (1970)

వేపచెట్టు

చిన్నప్పుడు ‘ది రైల్వే చిల్డ్రన్’ అనే ఇంగ్లీషు సినిమా చూసినవాళ్లని ఎవర్ని కదిపినా రెండే సీన్లు చెబుతారు. చెట్లతో సహా మట్టి జారి పట్టాల మీద పడితే, పిల్లలు ఎర్ర పావడాలు జెండాలుగా ఊపి రైలు ఆపడం ఒకటి. చివర్లో ప్లాట్‌ఫారం మీద ఆవిరి విడిపోతుంటే అందులోంచి చాలాకాలంగా దూరమైన నాన్న కనపడటం, పెద్ద కూతురు బాబీ పరిగెత్తుకెళ్లి వాటేసుకోవడం రెండోది. యాభై ఏళ్లు దాటినా ఆ రెండింటి బలం తగ్గలేదు.

ఐదు, ఆరు తరగతుల పిల్లలకు సినిమా చూపించి, స్కూలు వార్షికోత్సవంలో ఈ రెండు సీన్లూ వేయించాలి. ఈ కాలం పిల్లలు దేన్నీ ఊరికే ఒప్పుకోరు. గుడ్డముక్క ఊపితే అంత రైలు అంత దగ్గర్లో ఎలా ఆగిందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఆ ఆవిరి స్టేజీ మీదికి ఎలా తేవాలన్నది రెండో సమస్య. రైల్వే తెలిసినవాళ్లూ, స్టేజీ తెలిసినవాళ్లూ ఇద్దరూ ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

గుంతకల్లు_గూడ్స్

ఆగదండీ. సినిమా కాబట్టి ఆగింది. మన బ్రాడ్‌గేజ్‌లో లైను మీద అడ్డం పడితే 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు (పట్టా మీద పెట్టేది, చక్రం ఎక్కితే పేలి డ్రైవరును హెచ్చరిస్తుంది), 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలని రూలు. అంత దూరం ఊరికే పెట్టలేదు. బండి ఆగడానికి అంత చోటు కావాలి.

రెక్కసిగ్నల్

గుంతకల్లు గారూ, రూలు కరెక్టే. కానీ ఆ దూరం వేలాది టన్నుల గూడ్సుకూ, వంద దాటి పోయే ఎక్స్‌ప్రెస్సుకూ సరిపోయేలా పెట్టింది. సినిమాలో బండి ఏమిటో చూడండి. బ్రాంచి లైను, చిన్న ఇంజను, వెనక నాలుగైదు పెట్టెలు. అది తీసింది యార్క్‌షైర్‌లో కీత్లీ నుంచి ఆక్సెన్‌హోప్ పోయే లైను మీద, మొత్తం ఐదు మైళ్లు. ఈ రోజుకీ అక్కడ వేగం గంటకు 25 మైళ్లు దాటకూడదు. అంటే 40 కిలోమీటర్లు.

40 అంటే సెకనుకు 11 మీటర్లు. డ్రైవరు చూసి చెయ్యి కదపడానికి 2 సెకన్లు వేస్తే 22 మీటర్లు. వాక్యూమ్ బ్రేకు చివరి పెట్టె దాకా పట్టుకోవడానికి ఇంకో 3, 4 సెకన్లు, అది 40 మీటర్లు. ఆ తర్వాత సెకనుకు అర మీటరు చొప్పున వేగం తగ్గుతుందనుకుంటే ఆగడానికి 123 మీటర్లు. మొత్తం 185. రెండు వందల మీటర్లు వేసుకోండి.

ఇదే లెక్క 60 కిలోమీటర్లకు వేస్తే 370 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే దూరం రెట్టింపవుతోంది. పిల్లల చేత బోర్డు మీద ఈ రెండు లెక్కలూ చేయించండి, వాళ్లే ఒప్పుకుంటారు.

గుంతకల్లు_గూడ్స్

లెక్క బాగానే ఉంది, కాదనను. మరి డ్రైవరుకు ఆ గుడ్డ 200 మీటర్ల నుంచి కనపడాలిగా? ముందు బాయిలరు అడ్డం. పైగా కట్టింగ్ (గట్టు తవ్వి వేసిన దారి), పైగా మలుపు. బొగ్గింజను తోలినవాళ్లని అడగండి, సగం దారి ఒక పక్కే కనిపిస్తుంది.

బొగ్గుపొడి

అసలు పాయింటు ఇదే. బొగ్గింజనులో డ్రైవరు ఒక పక్క, ఫైర్‌మన్ ఇంకో పక్క. మధ్యలో బాయిలరు గోడలా ఉంటుంది. డ్రైవరు ఎడమ పక్కన ఉంటే కుడికి తిరిగే మలుపులో ముందున్న పట్టాలు ఆయనకు కనపడవు, ఫైర్‌మన్ చూసి చెప్పాలి. ఫైర్‌మన్ ఆ టైములో వంగి బొగ్గు వేస్తున్నాడంటే ఎవరూ చూడనట్టే. సినిమాలో వాడిన 5775 నంబరు ఇంజను బ్రిటన్‌లో పాత కంపెనీ గ్రేట్ వెస్టర్న్ రైల్వేది. గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లలో డ్రైవరు కుడి పక్కన ఉంటాడు, దానికి ఎడమ మలుపు కష్టం.

అందుకే జెండా ఒకే పక్క ఊపితే చాలదు. రెండు పక్కలా ఊపాలి. ఇంకోటి, కదలని ఎర్ర గుడ్డ పచ్చటి గట్టు మీద కలిసిపోతుంది. కదిలేదాన్ని కన్ను ముందు పట్టుకుంటుంది. పిల్లలు ఊపుతూనే ఉన్నారు చూడండి, అదే వాళ్లని కాపాడింది.

చదువరి

బొగ్గుపొడి గారు చెప్పింది నవలలో అచ్చంగా ఉంది. ఎడిత్ నెస్బిట్ 1905లో పత్రికలో ధారావాహికగా రాసి, 1906లో పుస్తకంగా వేసింది. అందులో ఈ సీను కొలతలతో సహా రాసింది.

పావడాలు రెండు. అక్కది ఒకటి, చెల్లెలిది ఒకటి. ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేస్తారు. మొత్తం ఆరు జెండాలు. సన్నటి మొక్కలు విరిచి, మధ్యవాడు పీటర్ జేబుకత్తితో గుడ్డకు చిల్లులు పెట్టి, కర్ర గుచ్చుతారు. రెండు జెండాలు పట్టాల మధ్య కంకర కుప్ప చేసి నిలబెడతారు. మిగిలిన నాలుగు చేతుల్లోకి. అక్కకొకటి, చెల్లికొకటి, పీటర్‌కు రెండు. రావలసింది 11.29 బండి. ఇంజను వచ్చి ఆగింది ఆ జెండాలకు ఇరవై గజాలు కూడా లేని దూరంలో. నెస్బిట్ ఎక్కడా డ్రైవరు ముందే చూసేశాడని రాయలేదు. ఆగుతుందో ఆగదో అన్న భయం చివరి క్షణం దాకా లాగింది.

వేపచెట్టు

ఆరు జెండాల సంగతి సినిమా చూసినప్పుడు ఎప్పుడూ లెక్కపెట్టలేదు. చాలా పనికొచ్చే వివరం. రెక్కసిగ్నల్ గారి రెండు లెక్కలు రాసుకున్నాను.

పావడా ఎర్రగానే ఎందుకుంది అని అడుగుతారు. అది కథ కోసం కుదిర్చిందా?

చదువరి

కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో చలికి ఎర్ర ఫ్లానెల్ లోపావడాలు మామూలు సంగతి. పుస్తకంలో అమ్మాయిలకు ఆ రోజు ఎండగా ఉండి, అవి తొడుక్కున్నందుకు ఉక్కపోస్తుంది. విసుక్కుంటారు. తర్వాత అవే పనికొస్తాయి. వస్తువుని ముందు మామూలుగా చూపించి తర్వాత వాడుకోవడం అంటే ఇది. పిల్లలకు కథ రాయడం నేర్పేటప్పుడు చూపించదగ్గ చోటు.

కాజీపేట_పిల్లగాడు

ఎర్ర గుడ్డ దొరక్కపోతే ఏం జేస్తరు? తెల్ల తువ్వాల ఊపితే బండి ఆగదా?

గుంతకల్లు_గూడ్స్

ఎర్ర జెండా కాకపోతే డ్రైవరు ఆపడు, ఇంకేదో అనుకుని పోతాడు.

రెక్కసిగ్నల్

అలా కాదు. మన జనరల్ రూల్స్ ప్రకారం పగలు ‘ఆపు’ అనడానికి రెండు పద్ధతులు. ఎర్ర జెండా చూపించడం, లేదా రెండు చేతులూ తల మీదికి బారెత్తి నిలబడటం. రాత్రయితే ఎర్ర దీపం, అది లేకపోతే తెల్ల దీపాన్నే గట్టిగా అటూ ఇటూ ఊపాలి. అంటే వట్టి చేతులతో కూడా ఆపొచ్చు. ఇందులో చూసుకోవలసింది ఒకటే: నిదానంగా ఊపితే అది టాటా చెప్పినట్టుంటుంది. సినిమాలో పిల్లలు రోజూ గట్టు మీద నుంచి బండికి చేతులు ఊపేవాళ్లే. ఆ డ్రైవరు వీళ్లని రోజూ చూస్తున్నాడు. ఆ రోజు కూడా అలాగే అనుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఎర్ర రంగు ఆ తేడా చెప్పింది.

గుంతకల్లు_గూడ్స్

నిజమే, చేతులెత్తే సిగ్నలు మర్చిపోయాను. సరిదిద్దినందుకు సంతోషం.

బొగ్గుపొడి

ఆపే పద్ధతి కూడా పిల్లలకు చెప్పండి. డ్రైవరు ముందు రెగ్యులేటరు మూస్తాడు, అంటే సిలిండర్లకు ఆవిరి బందు. తర్వాత బ్రేకు పూర్తిగా వేస్తాడు. వాక్యూమ్ బ్రేకు తమాషా ఏమిటంటే పెట్టెల కింద పైపులోంచి గాలి లాగేసి ఉంచినంతసేపు బ్రేకులు వదులుగా ఉంటాయి. గాలి లోపలికి వదిలితే పట్టుకుంటాయి. పైపు తెగిపోయినా గాలి దూరి బ్రేకు పడుతుంది. చెడిపోతే ఆగేలా కట్టిన యంత్రం అది.

మామూలు ఇంజన్లు పాదరసం కొలతలో 21 అంగుళాల వాక్యూమ్ పెడితే గ్రేట్ వెస్టర్న్ వాళ్లు 25 పెట్టేవాళ్లు. ఆ 25 ఇంజను లాగిన పెట్టెలకు 21 ఇంజను తగిలిస్తే ఆ నాలుగంగుళాల తేడాకు బ్రేకులు పూర్తిగా వదలవు. పెట్టె పెట్టెకూ వెళ్లి బ్రేకు సిలిండరు దగ్గర తీగ లాగి సమం చేయాలి. రకరకాల కంపెనీల బళ్లు కలిపి నడిపే ఇలాంటి లైన్ల మీద ఇది తరచూ చూసుకోవలసిన పని.

చక్రాలు బిగుసుకుని జారితే మాత్రం బండి ఆగదు, ఇంకా ముందుకు పోతుంది. అందుకే ఇసుక వదులుతారు. తడి పట్టా మీద, ఆకులు పడ్డ పట్టా మీద 200 మీటర్లు కాస్తా 300 అవుతుంది.

నల్లరేగడి

మట్టి గురించి ఎవరూ మాట్లాడలేదు. చెట్లు నిలువునా నడిచొచ్చినట్టు జారడం చూసి అబద్ధం అనుకుంటారు. అబద్ధం కాదు. వాన నీళ్లు దిగి కింద బంకమన్ను పొర జిగురెక్కితే పైన నాలుగైదు అడుగుల మట్టి వేళ్లతో సహా ఒకే పలకలా జారుతుంది. వేళ్లు పట్టుకుని ఉంటాయి కాబట్టి చెట్టు వెంటనే వాలదు. కొంత దూరం నిలబడే ప్రయాణం చేసి, అడుగున పలక విరిగినప్పుడు పడుతుంది.

రైల్వే కట్టింగ్ అంటేనే గట్టు కాళ్లు నరికినట్టు. అందుకే పైన వాన నీళ్లు మళ్లించే కాలవ తవ్వుతారు. అది పూడిపోతే ఇలాంటిదే. మన దగ్గర కొత్తవలస–కిరండూల్ లైనులో అరకు వైపు వానాకాలంలో కొండచరియలు పడటం అందరికీ తెలిసిందే. ఆ రోజుల్లో లైను వెంబడి పెట్రోలింగ్ పెడతారు. ఎర్ర జెండాలు, దీపం, డిటొనేటర్లు పట్టుకుని నడుస్తారు. సినిమాలో పిల్లలు చేసిన పని రోజూ జీతానికి చేసేవాళ్లున్నారని మీ పిల్లలకు చెప్పండి.

పాతరీలు

షూటింగ్ వివరాలు కొన్ని. దర్శకుడు లయొనెల్ జెఫ్రీస్. నటుడు, ఇదే మొదటి దర్శకత్వం. ఈ లైను ఎంచుకోవడానికి కారణం సొరంగం. కథలో ఎర్ర జెర్సీ కుర్రాడు కాగితాల వేట ఆటలో (ముందు పోయినవాడు చల్లిన కాగితం ముక్కల వెంట పరిగెత్తడం) సొరంగంలో పడి కాలు విరగ్గొట్టుకుంటాడు. అప్పటికి బ్రిటన్‌లో ఔత్సాహికులు నడిపే లైన్లే కొద్ది, వాటిలో సొరంగం ఉన్నది ఇదే. 1867లో వేసిన లైను, ప్రభుత్వ రైల్వే 1962లో మూసేసింది, ఊరివాళ్లూ అభిమానులూ కలిసి 1968 జూన్‌లో మళ్లీ తెరిచారు. రెండేళ్లకు సినిమా వచ్చింది.

ఆ మిథోమ్స్ సొరంగం కథకు కావలసినంత పొడుగు లేదు. కాన్వాసు గుడ్డ కట్టి పొడిగించారు. మట్టి జారే సీను తీసింది ఆ సొరంగానికి ఓక్‌వర్త్ వైపు కట్టింగ్‌లో. పిల్లలు చేతులూపే గడ్డి పొలాలు సొరంగానికి అవతల, హావర్త్ వైపు.

స్టేషను ఓక్‌వర్త్. పిల్లలుండే ఇల్లు ఆక్సెన్‌హోప్ దగ్గర బెంట్స్ ఫార్మ్. డాక్టరుగారి ఇల్లుగా చూపించింది హావర్త్‌లో రచయిత్రులు బ్రాంటీ అక్కచెల్లెళ్లు ఉన్న పార్సనేజి, అంటే చర్చి పాదిరి ఇల్లే.

కథలో రైల్వే కంపెనీ పేరు గ్రేట్ నార్తర్న్ అండ్ సదర్న్, కల్పితం. అందుకే 5775కి గోధుమ రంగు వేసి జీఎన్ అండ్ ఎస్‌ఆర్ అని రాశారు. పిల్లలు ‘గ్రీన్ డ్రాగన్’ అని పిలుచుకునే ఆకుపచ్చ ఇంజను లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే పాత ఇంజను, సినిమాలో దాని నంబరు 957.

కాజీపేట_పిల్లగాడు

చిన్న చెల్లె ఫిలిస్‌గా చేసినామెకు అప్పుడు ఇరవై ఏండ్లంటరు, నిజమేనా?

పాతరీలు

నిజమే. శాలీ థామ్సెట్‌కు ఇరవై, వేసింది పదకొండేళ్ల పాత్ర. అక్క బాబీగా వేసిన జెన్నీ అగట్టర్‌కు పదిహేడు. అంటే చెల్లెలు అక్కకంటే మూడేళ్లు పెద్ద. షూటింగ్ టైములో శాలీ అసలు వయసు బయటపెట్టకూడదని ఒప్పందం కూడా ఉంది. జెన్నీ అంతకుముందు 1968లో బీబీసీ సీరియల్‌లోనూ బాబీయే, 2000లో టీవీ సినిమాలో అమ్మ పాత్ర, 2022లో కొత్త సినిమాలో మళ్లీ పెద్దదైన బాబీ.

వేపచెట్టు గారూ, స్కూల్లో వయసు చూసి కాకుండా మొహం చూసి, గొంతు చూసి వేషాలివ్వండి. చిన్నగా కనిపించే ఆరో తరగతి పిల్ల ఐదో తరగతి పిల్లకు చెల్లెలు కావచ్చు, ఏమీ పోదు.

వేపచెట్టు

ఈ సలహా పిల్లల తల్లిదండ్రులకు కూడా చెబుతాను, వేషాల దగ్గర గొడవలు తగ్గుతాయి.

ఇక ఆవిరి. స్టేజీ 30 అడుగుల వెడల్పు, 20 లోతు. రేకుల హాలు, పైన ఫ్యాన్లు.

తెరవెనక

ఫ్యాన్లు. అన్నిటికంటే ముందు అవి ఆపించండి. సీనుకు ఐదు నిమిషాల ముందు ఆపితే తప్ప రెక్కలు పూర్తిగా నిలబడవు. ఒక్క ఫ్యాను తిరిగినా మీ ఆవిరంతా మొదటి వరుసలో కూర్చున్న పెద్దల మీదికి పోతుంది.

డ్రై ఐస్ వద్దు. అది నేలమీద చీలమండల ఎత్తునే పాకుతుంది, మీకు మనిషి దాగేంత ఎత్తు కావాలి. పైగా అది కార్బన్ డయాక్సైడ్, గాలికంటే బరువు, కింద చేరుతుంది. ఎత్తు తక్కువ పిల్లలున్న స్టేజీ మీద, తలుపులు మూసిన హాల్లో మంచిది కాదు. చేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది. సాంబ్రాణి, పొగ బాంబులు అసలే వద్దు, దగ్గుతో డైలాగు రాదు.

పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఫాగ్ మిషను చాలు. నీళ్లు, గ్లైకాల్ కలిపిన ద్రవం వేడెక్కించి ఊదుతుంది. స్విచ్ వేశాక వేడెక్కడానికి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు, సీను మొదలయ్యాక స్విచ్ వేస్తారు. ఒకటి కాదు, రెండు మిషన్లు, చెరో పక్క వింగులో (స్టేజీ పక్క చాటున), మూతి స్టేజీ వెనక వైపుకి తిప్పి, మనిషికి ఆరడుగుల దూరంలో. మూతి దగ్గర చాలా వేడిగా ఉంటుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. పది సెకన్లు ఊది, పదిహేను ఆపి, మళ్లీ పది. ఉబ్బసం ఉన్న పిల్లలు ఎవరో ముందే కనుక్కుని వాళ్లకు వేరే సీనులో వేషం ఇవ్వండి. హాల్లో పొగ అలారం ఉందా చూసుకోండి.

ఇప్పుడు అసలు కిటుకు. పొగ ముందునుంచి లైటు వేస్తే తెల్లగోడ అవుతుంది, వెనకనుంచి వేస్తే తెర అవుతుంది. మొదట ముందు లైట్లు పూర్తిగా వేసి పొగ వదలండి, నాన్న వెనక నిలబడ్డా ఎవరికీ కనపడడు. తర్వాత ముందు లైట్లు నిదానంగా, పదిహేను సెకన్లలో తగ్గించండి. అదే టైములో వెనక ఎత్తున పెట్టిన ఒకే లైటు పెంచండి. మనిషి నల్లటి నీడలా తేలతాడు. టోపీ, కోటు, చేతిలో సంచి, ఈ ఆకారమే ముందు తెలియాలి. మొహం తెలియకూడదు. ఆ నీడ రెండడుగులు ముందుకేశాక ముందు లైటు కొద్దిగా ఇవ్వండి. అప్పుడు బాబీ పరుగు.

బొగ్గుపొడి

తెరవెనక గారు చెప్పింది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నిజం ఇంజను దగ్గర ఆ తెల్లదనం ఎక్కణ్నుంచి వస్తుందో కూడా చెబుతా, పిల్లలకు ఉపయోగం. ఆవిరి నిజానికి కంటికి కనపడదు. కెటిల్ మూతి దగ్గర అర అంగుళం ఖాళీగా కనిపిస్తుంది చూడండి, అదీ ఆవిరి. ఆ పైన తెల్లగా ఉండేది చల్లబడ్డ నీటి తుంపర. అందుకే చలి, తేమ ఉన్న రోజు అది ఎక్కువసేపు నిలుస్తుంది, మన మే నెల ఎండలో క్షణంలో మాయం.

స్టేషనులో ఆగి ఉన్న ఇంజను సిలిండర్లలో ఆవిరి చల్లబడి నీళ్లు చేరతాయి. నీళ్లు నొక్కుకుపోవు. అలాగే కదిపితే పిస్టన్ వచ్చి కొట్టి సిలిండరు మూత పగులుతుంది. అందుకని బయల్దేరే ముందు కింద డ్రెయిన్ కాక్‌లు (నీళ్లు వదిలే కుళాయిలు) తెరుస్తారు. నీళ్లు, ఆవిరి కలిసి బుస్సుమని ప్లాట్‌ఫారం ఎత్తున పరుచుకుంటాయి. చలికాలంలో పెట్టెలు వెచ్చబరచడానికి ఇంజను నుంచి ఆవిరి పైపు ఉంటుంది, దాని అతుకుల దగ్గరా కారుతుంది. అంటే బండి వచ్చినప్పటికంటే కదిలి వెళ్లేటప్పుడే తెల్లదనం ఎక్కువ. మీ సీనులో కూడా బండి వెళ్లిపోతున్న చప్పుడు వచ్చాకే పొగ చిక్కబడాలి.

వేపచెట్టు

ఆ చప్పుడే ఎలా ఇవ్వాలి? దొరికిన రికార్డింగులన్నీ స్పీడు రైలువి.

బొగ్గుపొడి

లెక్కతో వస్తుంది. రెండు సిలిండర్ల ఇంజను పెద్ద చక్రం ఒకసారి తిరిగితే నాలుగు ‘ఛుఫ్’లు. 5775 చక్రం అడ్డంగా 4 అడుగుల ఏడున్నర అంగుళాలు, చుట్టుకొలత సుమారు నాలుగున్నర మీటర్లు. మనిషి నడిచే వేగంలో కదులుతుంటే సెకనుకు ఒకటీ పావు ఛుఫ్. 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది, అప్పుడది విడిగా వినపడదు, ఒకటే గరగర.

బయల్దేరేటప్పుడు మొదటి నాలుగూ బాగా ఎడంగా, బరువుగా. డ్రమ్ము మీద తడిగుడ్డ పరిచి వెదురు బ్రష్షుతో కొట్టించండి, రికార్డింగు కంటే బాగుంటుంది. మొదటి మూడు నాలుగు దెబ్బలకూ బుస్సుమనే శబ్దం కూడా కలపాలి, డ్రెయిన్ కాక్‌లు ఇంకా తెరిచే ఉంటాయి కాబట్టి.

చదువరి

ఒక మాట. ఈ ఆవిరి తెర నవలలో లేదు, జెఫ్రీస్ సృష్టి. నవలలో 11.54 బండి వస్తుంది. ముగ్గురే దిగుతారు. కోళ్ల బుట్టలతో ఒక పల్లెటూరాయన. రేకుపెట్టె, మూడు కాగితప్పొట్లాలతో ఒకావిడ. మూడోది నాన్న. నెస్బిట్ ఆ మొదటి ఇద్దర్నీ సామానుతో సహా వర్ణించి మనల్ని ఆపుతుంది. మామూలు మనుషులు దిగాక ఆయన దిగుతాడు. ఆవిరి చేసిన పని అక్కడ ఆ కోళ్ల బుట్టలు చేశాయి.

నా ఓటు ఏమిటంటే రెండూ కలపండి. ముందు కోళ్లాయన, తర్వాత పొట్లాలావిడ పొగలోంచి బయటికి రావాలి. బాబీ ఒక్కొక్కరి కోసం ఒక అడుగు ముందుకేసి ఆగాలి. మూడోసారి నీడ.

తెరవెనక

నేను ఒప్పుకోను. పొగలోంచి ఇద్దరు ముందే వచ్చేస్తే మూడో మనిషికి వాడవలసిన కిటుకు అయిపోయినట్టే. ఆ ఇద్దరూ పొగకు ముందు, మామూలు వెలుగులో దిగి వెళ్లిపోవాలి. ప్లాట్‌ఫారం ఖాళీ అవ్వాలి. అప్పుడు బండి కదలాలి, పొగ రావాలి.

చదువరి

అవును, మీదే బాగుంది. ఖాళీ ప్లాట్‌ఫారం ఒక్క మూడు సెకన్లు ఉంచండి.

పాతరీలు

నాటకం అంటున్నారు కాబట్టి: 2008లో యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో ఈ కథను పట్టాలకు రెండు పక్కలా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి ఆడారు. నిజం ఇంజను తోసుకొచ్చి నిలబెట్టారు, నిప్పు లేకుండా. 2010లో లండన్ వాటర్లూ స్టేషనులో ఆడినదానికి మరుసటి ఏడు లండన్ నాటకాలకిచ్చే ఒలివియె అవార్డు వచ్చింది. మీ హాల్లో మధ్య నడవా ఉంటే దాన్నే పట్టాలు అనుకోండి, రెండు పక్కలా కూర్చున్నవాళ్ల మధ్య నుంచి పిల్లలు జెండాలు ఊపుతూ స్టేజీ వైపు పరిగెత్తుతారు. ఇంజను కట్టే ఖర్చు మిగులుతుంది.

చదువరి

హక్కుల సంగతి కూడా. నెస్బిట్ 1924లో చనిపోయింది, మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్లే, కాబట్టి నవల ఎవరైనా నాటకంగా వేసుకోవచ్చు. సినిమాకు ఇంకా హక్కులున్నాయి. సినిమా డైలాగులు, జానీ డగ్లస్ సంగీతం ఎత్తుకోకుండా నవల నుంచే తెలుగులో రాసుకోండి.

గుంతకల్లు_గూడ్స్

సినిమా చూపించాక పిల్లలు పట్టాల మీదికి వెళ్లి ఆడతారేమో, ఆ భయం నాకుంది. ఇది తేలిగ్గా తీసుకోవద్దు.

పాతరీలు

ఈ భయం అక్కడా ఒకరికి కలిగింది. సినిమా వచ్చిన 42 ఏళ్లకు బ్రిటిష్ సెన్సారు బోర్డుకు మొట్టమొదటి ఫిర్యాదు అందింది, పిల్లలు పట్టాల మీద ఆడటానికి ఇది పురికొల్పుతుందని. బోర్డు అలా అనుకోలేదు, అందరూ చూడదగ్గ ‘యూ’ సర్టిఫికెట్ అలాగే ఉంచింది.

రెక్కసిగ్నల్

బోర్డు సంగతి అలా ఉంచి, గుంతకల్లు గారి మాట పక్కన పెట్టకూడదు. ఆ సినిమా కాలంలో గంటకొక బండి, చప్పుడు మైలు దూరం వినపడేది. ఇప్పుడు కరెంటు ఇంజను గాలికి ఎదురుగా వస్తే పక్కకొచ్చే దాకా వినపడదు. మన రైల్వే చట్టంలో 147వ సెక్షను కింద పట్టాల మీదికి వెళ్లడమే నేరం. పట్టాల మీద ఏదైనా అడ్డం కనిపిస్తే దగ్గర్లో ఉన్న గేటుమన్‌కో స్టేషను మాస్టరుకో చెప్పాలి, లేదా రైల్వే హెల్ప్‌లైను 139కి ఫోను చేయాలి. సినిమాలో కూడా పిల్లలు ముందు స్టేషనుకు వెళ్దామనే అనుకుంటారు, టైము చాలదని తేలాకే జెండాలు. ఆ వరస మీ నాటకంలో తప్పకుండా ఉంచండి.

బాబీ పట్టాల మధ్య నిలబడి ఊపడం కథకు బలం, పనికి తప్పు. పక్కన నిలబడి ఊపాలి.

లీడ్స్_లక్ష్మి

యూకేలో ఉన్నవాళ్ల కోసం. లీడ్స్ నుంచి కీత్లీ రైల్లో సుమారు అరగంట. అదే స్టేషనులో 3, 4 ప్లాట్‌ఫారాలు ఈ పాత లైనువి, ఫుట్‌బ్రిడ్జి దిగితే చాలు. ఇంగ్రో, డామెమ్స్, తర్వాత ఓక్‌వర్త్. డామెమ్స్‌లో ఆగాలంటే ముందే గార్డుకు చెప్పాలి, ప్లాట్‌ఫారం ఒక్క పెట్టె పొడుగే. ఓక్‌వర్త్‌ను ఇప్పటికీ 1900ల నాటి స్టేషనులా గ్యాసు దీపాలతో ఉంచారు. ఇంజనుకు దగ్గరగా ఉన్న పెట్టెలో కూర్చుంటే చప్పుడు బాగా వినపడుతుంది. అన్ని రోజులూ నడవవు, డీజిల్ బళ్లు కూడా తిరుగుతాయి, టైంటేబుల్లో ఆవిరి అని రాసిన బండే చూసుకోండి.

కాజీపేట_పిల్లగాడు

మనకు దగ్గర్ల బొగ్గింజను చూడాల్నంటే ఏడ?

బొగ్గుపొడి

మెట్టుపాళయం–కూనూరు, నీలగిరి బండి. కొండ ఎక్కడానికి మధ్యలో రంపం పళ్లలాంటి పట్టా ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా ఆయిలుతో మండిస్తారు, కానీ ఆవిరి ఆవిరే. డ్రెయిన్ కాక్‌ల బుస్సు వినాలంటే బయల్దేరే ముందు ఇంజను దగ్గర నిలబడండి.

వేపచెట్టు

నాటకం చివర ఎలా ముగించాలి అన్నది ఒక్కటే మిగిలింది. నాన్న రాగానే తెర వేసేస్తే చప్పగా ఉంటుంది.

పాతరీలు

సినిమా చివర చూడండి. కెమెరా పట్టాల మీదుగా మెల్లగా ముందుకు పోతుంటే నటులందరూ రైలు ముందు గుంపుగా నిలబడి మనకు చేతులూపుతారు. మధ్యలో జెన్నీ అగట్టర్ చిన్న పలక పైకెత్తుతుంది, దాని మీద సుద్దతో ‘ది ఎండ్’. అంతకుముందు ఎవరో "థాంక్యూ మిస్టర్ ఫోర్బ్స్" అని అరవడం వినిపిస్తుంది. నిర్మాణానికి అండగా నిలిచిన బ్రయన్ ఫోర్బ్స్‌కు అది. మీ పిల్లలూ వరసగా నిలబడి, లైట్లేసినవాళ్లనీ డ్రమ్ము కొట్టినవాళ్లనీ స్టేజీ మీదికి లాక్కొచ్చి చేతులూపితే చాలు. పలక మీద తెలుగులో ‘సమాప్తం’.

వేపచెట్టు

సరే, అలాగే. జెండాలకు గుడ్డ ఎంత కొనాలి?

తెరవెనక

44 అంగుళాల పన్నా ఎర్ర కాటన్, రెండు మీటర్లు. అందులో రెండు పావడాలు రావు, రానక్కర్లేదు. పావడాలు విడిగా కుట్టించి, స్టేజీ మీద చింపేచోట ముందే కుట్లు విప్పి, పెద్ద టాకాలు వేసి ఉంచండి, లాగితే చర్రుమని ఊడిపోవాలి. కొత్త గుడ్డ పిల్లల చేతులకు చిరగదు, అక్కడ సీను ఆగిపోతుంది. ఈ రెండు మీటర్లలో ఆరు జెండాలు, ఒక్కోటి ఇరవై రెండు అంగుళాలు ఇరవై ఆరు. కర్రలు మూడడుగుల వెదురు. కొసలు సాన రాయి మీద రుద్ది గుండ్రం చేసి, పైన గుడ్డ చుట్టండి. నడవాలో పరిగెత్తేటప్పుడు పక్క కుర్చీల్లో ఉన్నవాళ్ల కళ్లకు తగలకుండా ఉండాలి.